సైకాలజిస్టు మరీ యహోదా పద్ధతిని మూతపడ్డ మిల్లు ఊళ్లో ఎంతవరకు వాడొచ్చు?

గోగునార:
ఎం.ఎ. సైకాలజీ డిసర్టేషన్ కోసం మూతపడ్డ జూట్ మిల్లు కార్మికుల కుటుంబాల మీద పని మొదలుపెట్టాలి. గైడ్ మరీ యహోదాని చదవమన్నారు. నోట్సులో ఉన్నవి, ఉద్యోగం జీతం కాక మనిషికి ఇచ్చేవిగా ఆమె చెప్పిన ఐదు పాయింట్లే: రోజుకు ఒక క్రమం, ఇంటి బయట మనుషులు, నలుగురితో కలిసి చేసే పని, గుర్తింపు, చేతికి నిత్యం పని. ఆమె శరణార్థిగా వెళ్లి ప్రొఫెసర్ అయ్యారని ఇంకో వాక్యం ఉంది, అంతే. ఆ ఐదూ ఎక్కడినుంచి వచ్చాయి? నాకున్నవి 60 కుటుంబాలు, నాలుగు నెలలు. ప్రశ్నావళి ఒక్కటే చాలా?

పాతఅర:
ఆ ఐదూ పుస్తకాల గదిలో పుట్టినవి కావండి. వియన్నా దగ్గర మరియెంతాల్ అనే ఊరు, 478 కుటుంబాలు. ఊరంతా బతికింది ఒక్క బట్టల మిల్లు మీద. 1930కల్లా అది మూతపడింది. బృందాన్ని నడిపిన పరిశోధకుడు లాజార్స్‌ఫెల్డ్ మొదట కార్మికుల తీరిక సమయం మీద అధ్యయనం చేద్దామనుకున్నారు. ఇంత నిరుద్యోగంలో తీరికేమిటి, నిరుద్యోగాన్నే చూడండి అన్నాడు సోషలిస్టు నాయకుడు ఒట్టో బవర్. 1931 చివర్లో యహోదా కూడా ఉన్న ఆ బృందం ఊళ్లో దిగింది. నివేదిక 1933లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో అచ్చయింది. యూదుల పేర్లని అట్ట మీద రచయితల పేర్లే వేయలేదు.

యహోదాను జైల్లో పెట్టింది నాజీలని మాత్రం రాయకండి. హిట్లర్ ఆస్ట్రియాలోకి వచ్చింది 1938లో. ఆమె అరెస్టయింది 1936 నవంబర్‌లో, అప్పటి ఆస్ట్రియా నియంతృత్వ ప్రభుత్వం చేతిలో. ఆమె నడిపే పరిశోధనా కేంద్రం రహస్య సోషలిస్టులకు ఉత్తరాలు అందే చోటు కూడా. దేశం విడిచి వెళ్లాలన్న షరతు మీద 1937 జులైలో వదిలారు.

ఇంగ్లండు చేరాక వేల్స్ బొగ్గుగని కార్మికుల దగ్గరికి వెళ్లారు. అక్కడ పనిలేనివాళ్లు కూలి లేకుండా తమకు కావలసిన సరుకు తామే తయారుచేసుకుని, అసలు ఖరీదుకే కొనుక్కునే పథకం ఒకటి నడిచేది. కూలి రాని పని ఉద్యోగం లోటు తీర్చలేదని ఆమె తేల్చారు. కానీ ఆ పథకం నడిపినాయన ఆమె కుటుంబం ఆస్ట్రియా దాటడానికి సాయం చేసిన మనిషి. ఆయన మనసు కష్టపెట్టలేక ఆ నివేదికను దశాబ్దాలపాటు అచ్చుకివ్వలేదు. 1987లో గానీ వెలుగు చూడలేదు. నా దృష్టిలో ఆమె జీవితంలో అందరూ ఆగి చూడవలసిన చోటు ఇదే.

1945లో అమెరికా, న్యూయార్క్ యూనివర్సిటీలో ప్రొఫెసర్. 1958లో మళ్లీ ఇంగ్లండు, 1965 నుంచి ససెక్స్‌లో సోషల్ సైకాలజీ ప్రొఫెసర్. మీ ఐదు పాయింట్లు ఇప్పుడున్న రూపానికి వచ్చింది 1980ల మొదట్లో, అంటే మరియెంతాల్ తర్వాత యాభై ఏళ్లకు.

కాలపట్టిక:
ప్రశ్నావళి ఒక్కటే చాలదు. "పని లేకపోతే ఎలా ఉంది?" అంటే "ఏముందండీ, ఊరికే కూచోవడమే" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. టైమ్ షీట్ పెట్టండి. ఒక మనిషికి ఒక కాగితం, లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా గంటకో గడి, నిన్నటి రోజుది మాత్రమే. మొన్నటిది అడిగితే ఊహించి చెబుతారు. సంత రోజు, ఆదివారం వేరుగా తీసుకోండి. ఇంటికి ఇద్దరు పెద్దవాళ్లనుకుంటే ఒక్కో విడతకు 120 కాగితాలు. ముందు ఐదు ఇళ్లలో పరీక్షించండి. ఖాళీ గడిని మీరు నింపొద్దు, ఆ ఖాళీయే మీ డేటా. మరియెంతాల్‌లో ఒకాయన అలాంటి గంటల దగ్గర రాసుకున్నది "ఈలోగా మధ్యాహ్నమవుతుంది" అని.

రెండోది, మిల్లు నడిచిన రోజుల లెక్క కావాలి. మనుషుల్ని అడిగితే పాత రోజులన్నీ బంగారంలా చెబుతారు. అందుకే మరియెంతాల్ బృందం రిజిస్టర్లు తిరగేసింది. లైబ్రరీలో పుస్తకానికి కట్టే రుసుము ఎత్తేసినా 1929 నుంచి 1931కి తీసుకెళ్లే పుస్తకాలు దాదాపు సగానికి పడిపోయాయి. సమయం పెరిగితే చదువు పెరుగుతుందనుకునేవాళ్లకు ఆ ఒక్క అంకె చాలు. మీ ఊళ్లో శాఖా గ్రంథాలయం రిజిస్టరు అడగండి. మిల్లు మూతకు ముందు రెండేళ్లు, తర్వాత రెండేళ్లు, అవే నెలలు పోల్చాలి.

గోగునార:
ధన్యవాదాలండి. ఆడవాళ్ల షీట్లు కూడా తీయాలా? మిల్లులో పనిచేసింది ఎక్కువగా మగవాళ్లే.

వీధిఅరుగు:
తప్పకుండా తీయాలి, లేకపోతే సగం ఫలితం పోతుంది. మరియెంతాల్ మగవాళ్లు వీధిలో పదేపదే ఆగుతూ నడిచేవారు, ఆడవాళ్లు గబగబా వెళ్లిపోయేవారు. జీతమే పోయింది గానీ వాళ్లకు ఇంటి చాకిరీ పోలేదు. అక్కడి ఆడవాళ్లు కూడా మిల్లు కార్మికులే, అది మరచిపోకండి. మీ ఊళ్లో అలా కాకపోతే ఆ తేడాను మొదటి అధ్యాయంలోనే చెప్పేయండి.

షీట్ల మీద పేర్లు వద్దు, కోడ్ నంబర్లు వేయండి. పేర్ల జాబితా వేరే చోట తాళం వేసి ఉంచాలి. మరియెంతాల్‌లో ఒకాయన వీధిలో హార్మోనికా వాయించి నాలుగు డబ్బులు తెచ్చుకున్నందుకు నిరుద్యోగ భృతి పోయింది. ఇక్కడ లేబర్ కోర్టులో పాత జీతాల కేసు నడుస్తుంటే, మధ్యలో వేరే పని చేశారా అన్నది లెక్కలోకి వస్తుంది. ఆటో నడిపానని మీ కాగితంలో రాస్తే తనకే నష్టమని కార్మికుడికి తెలుసు, అందుకే దాస్తాడు. యూనియన్ వాళ్ల ద్వారా వెళ్తే ఈ భయం ఇంకా పెరగొచ్చు. కాలేజీ ఎథిక్స్ అనుమతి కాగితం చూపించి, ఇది ఎవరికీ వెళ్లదని మొదటి రోజే చెప్పండి.

చేతులు ఊపుకుంటూ మాత్రం వెళ్లొద్దు. ఊళ్లో ఎవరూ కేవలం చూసిపోయే మనిషిగా ఉండకూడదన్నది ఆ బృందం నియమం. వియన్నాలో పాతబట్టలు సేకరించి పంచారు, డాక్టర్‌ను తీసుకొచ్చారు, బట్టల కత్తిరింపు క్లాసు పెట్టారు. ఇళ్ల తలుపులు అలా తెరుచుకున్నాయి. మీరు పీఎఫ్ ఫారాలు నింపిపెట్టినా చాలు, వారానికి రెండు సాయంత్రాలు అక్కడ కూర్చోండి.