లైసెన్సు బదిలీ టూల్ డాక్యుమెంటేషన్: పాత ఫైలు ఆగదన్న సంగతి కస్టమర్‌కు చెప్పాలా, వద్దా?

టెక్నికల్ రైటర్ (చర్చ ప్రారంభం):

మా సంస్థ ఇంజనీరింగ్ సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. ఒక కస్టమర్ పేరున ఉన్న లైసెన్సులను మరో కస్టమర్ పేరుకు మార్చే టూల్‌కు డాక్యుమెంటేషన్ రాసే పని నాకు అప్పగించారు. కంపెనీలు విలీనమైనప్పుడు, ఒక విభాగం వేరే యాజమాన్యం చేతికి వెళ్లినప్పుడు, డీలర్ పొరపాటున ఆర్డరును వేరొకరి కస్టమర్ నంబరు మీద నమోదు చేసినప్పుడు దీని అవసరం పడుతుంది. ఇచ్చేవారి నంబరు, పుచ్చుకునేవారి నంబరు, ఉత్పత్తి, సీట్ల సంఖ్య (అంటే ఎంతమంది వాడవచ్చో) నింపి బటన్ నొక్కితే ‘బదిలీ పూర్తయింది’ అని తెర మీద వస్తుంది.

అయితే అక్కడ మారేది మా రికార్డు ఒక్కటే. లైసెన్సుల నిర్వహణకు మేము వాడే ఫ్లెక్స్‌నెట్ వ్యవస్థలో, సాఫ్ట్‌వేర్ నడవడానికి అనుమతినిచ్చే లైసెన్సు ఫైలు కస్టమర్ సర్వర్‌లోనే ఉంటుంది. ఆ ఫైలులో సర్వర్ గుర్తింపు, సీట్ల సంఖ్య, గడువు తేదీ, వాటిని ఎవరూ దిద్దకుండా కాపాడే డిజిటల్ సంతకం ఉంటాయి. పాత కస్టమర్ సర్వర్‌లో ఆ ఫైలు మిగిలి ఉంటే గడువు ముగిసేదాకా, శాశ్వత లైసెన్సైతే ఎన్నేళ్లయినా, అది పనిచేస్తూనే ఉంటుంది. దాన్ని మేము ఇక్కడినుంచి ఆపలేము. ఈ విషయాన్ని సిబ్బంది చదివే పత్రంతో పాటు కస్టమర్‌కు ఇచ్చే పత్రంలోనూ స్పష్టంగా రాయాలని నా వాదన. మీ అభిప్రాయాలు చెప్పగలరు.

లైసెన్సింగ్ ఇంజనీర్:

నేను ఒప్పుకోను. సిబ్బందికి తప్పకుండా చెప్పండి. కస్టమర్‌కు మాత్రం ‘పాత ఫైలును తొలగించి, తొలగించినట్టు సంతకం చేసి పంపండి’ అన్న ఆదేశం చాలు. తొలగించకపోయినా నడుస్తుందని మనమే అచ్చువేసి ఇస్తే, ఆ మాట చదివి ఫైలును ఉంచుకునేవారు ఉంటారు. తాళం పనిచేయదని తలుపు మీద రాసి పెట్టే ఇల్లు నేనెక్కడా చూడలేదు.

సపోర్ట్ ఉద్యోగి:

పదేళ్లుగా ఈ పనిలో ఉన్న నేను రైటర్‌గారి పక్షం. గతంలో నేను పనిచేసిన ఒక సంస్థలో, బదిలీ పూర్తయిందన్న ఈమెయిల్ అందుకున్న పాత కస్టమర్ తమ ఫైలు దానంతటదే ఆగిపోయిందని నమ్మారు. వారి డిజైన్ విభాగంలో సాఫ్ట్‌వేర్ ఎప్పటిలా తెరుచుకుంటుండటంతో, తమకు ఇంకా కొన్ని సీట్లు మిగిలాయనే అనుకున్నారు. ఏడాది తరువాత ఆడిట్ జరిగినప్పుడు, తమవి కాని లైసెన్సులు వాడారన్న నింద వారి మీద పడింది. వారికి మోసం చేసే ఉద్దేశం లేదు. మేము పంపిన పత్రంలో ఆ ఒక్క వాక్యం లేదు, అంతే. ఫోనులో ఆ మేనేజరు పడ్డ బాధ నాకిప్పటికీ గుర్తుంది. మోసం చేయదలచినవారికి ఈ సంగతి మనం చెప్పకుండానే తెలుస్తుందండీ. తెలియక నష్టపోయేది నిజాయితీపరులే.

టెక్నికల్ రైటర్:

ఇంజనీర్‌గారి తాళం పోలికకు నా జవాబు ఇది. ఇక్కడ తాళం వేయవలసినది ఇల్లు ఖాళీ చేసి వెళ్లేవారే. యూజ్డ్‌సాఫ్ట్, ఒరాకిల్ సంస్థల వివాదంలో ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2012 జూలై 3న ఇచ్చిన తీర్పు చూడండి. సొమ్ము తీసుకుని కాలపరిమితి లేకుండా అమ్మిన సాఫ్ట్‌వేర్ ప్రతిని, డౌన్‌లోడ్ చేసుకున్నదైనా సరే, కొన్నవారు తిరిగి అమ్ముకోవచ్చని చెబుతూనే, అమ్మే సమయానికి తమ దగ్గరున్న ప్రతిని పనిచేయకుండా చేయాలని షరతు పెట్టింది. బాధ్యత ఎవరిదో అందులో స్పష్టంగా ఉంది. ఆ బాధ్యత ఉందని చెప్పకుండా దాన్ని నెరవేర్చమని ఎలా అడుగుతాం?

అదే తీర్పు ప్రకారం, ఇరవై ఐదుగురి కోసం ఒక మొత్తంగా కొన్న లైసెన్సును విడగొట్టి, అక్కరలేని సీట్లను మాత్రమే అమ్మడానికి వీల్లేదు. మా టూల్ మాత్రం సంఖ్య గడిలో ఏ అంకె వేసినా అడ్డు చెప్పదు. అమెరికాలో పరిస్థితి వేరు. ఆటోడెస్క్ సాఫ్ట్‌వేర్ ప్రతుల పునర్విక్రయంపై 2010లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు, కొన్నవారు యజమానులు కారని, లైసెన్సుదారులేనని తేల్చింది. కాబట్టి పాక్షిక బదిలీ గురించిన పేరాలో ‘మీ ఒప్పందాన్నీ, మీ దేశపు చట్టాన్నీ చూసుకోండి’ అని మాత్రమే రాస్తాను.

లైసెన్సింగ్ ఇంజనీర్:

ఆడిట్ ఉదంతం విన్నాక నా పట్టు కొంత సడలింది. అయినా ‘పాత ఫైలు పనిచేస్తూనే ఉంటుంది’ అన్న వాక్యం ఒంటరిగా ఉండకూడదు. ‘ఫైలును సర్వర్‌నుంచి తీసివేసి, లైసెన్సు మేనేజర్‌ను (ఆ ఫైలును చదివి సీట్లు కేటాయించే ప్రోగ్రామును) మళ్లీ ప్రారంభించి, సీట్ల సంఖ్య తగ్గిందని మీరే సరిచూసుకోండి’ అన్న సూచన ఆ వాక్యం వెంటనే, అదే పేరాలో రావాలి. బ్యాకప్‌లలో ఉన్న ప్రతుల ప్రస్తావన కూడా ఉండాలి.

టెక్నికల్ రైటర్:

బ్యాకప్ సంగతి నాకు తట్టలేదు, చేరుస్తాను. మీ సూచనను వాక్యం తరువాత కాకుండా ముందే పెడతాను. చేయవలసిన పని మొదట, దాని కారణం ఆ వెంటనే వస్తాయి. ‘బదిలీ పూర్తయింది’ అన్న తెర సందేశాన్ని ‘రికార్డు మారింది, పాత ఫైలు తొలగింపు మిగిలి ఉంది’ అని మార్చమని డెవలపర్లను అడిగాను. వారు ఇంకా ఒప్పుకోలేదు.