అప్‌డేట్: మిక్సింగ్ ప్లగిన్లలో చివరికి ఏది కొన్నానంటే

ఇంట్లో రికార్డ్ చేసిన పాటల మిక్సింగ్‌కి (గొంతు, వాయిద్యాల ధ్వనులను సరిచేసి కలపడానికి) ఫ్యాబ్‌ఫిల్టర్ ప్రో-క్యూ అనే ఈక్యూ ప్లగిన్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో జోడించుకుని, ఏ స్థాయి ధ్వనులు ఎంత వినపడాలో సర్దుకునే ప్రోగ్రామ్) కొనాలా, వేవ్స్ కంపెనీ ప్లగిన్ల బండిల్ తీసుకోవాలా అని అడిగాను కదా. రెండూ కొనలేదు. మీలో ఒకరు చెప్పిన టీడీఆర్ నోవా అనే ఈక్యూ ఉచిత వెర్షన్ వేసి చూశాను. ‘స’, ‘ష’ చెవిలో గుచ్చుకుంటున్న చోట, 6-8 కిలోహెర్ట్జ్ మధ్య, ఒక డైనమిక్ బ్యాండ్ పెట్టాను. ఆ అక్షరాలు గట్టిగా పడినప్పుడే తగ్గిస్తోంది, మిగతా గొంతులో మెరుపు పోలేదు. కంప్రెషన్‌కి (గట్టి, మెల్లని శబ్దాల మధ్య తేడా తగ్గించడానికి) రీపర్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే రియాకాంప్ చాలు.

డబ్బు పెట్టింది ఒక్క రివర్బ్‌కే (ప్రతిధ్వని కలిపే ప్లగిన్): వల్హల్లా వింటేజ్‌వెర్బ్, 50 డాలర్లు. డెమో విన్నాక వదల్లేకపోయాను (అవసరం కంటే ఆశే ఎక్కువ లెండి). మిగిలిన బడ్జెట్‌తో గది గోడలకు ధ్వనిని పీల్చుకునే రాక్‌వూల్ (రాతి నార) ప్యానెళ్లు పెట్టిస్తున్నా. బేస్ (మంద్ర ధ్వనులు) సరిగ్గా వినపడని గదిలో ఈక్యూ తిప్పడం గుడ్డి వ్యవహారమే. హైదరాబాద్‌లో రాక్‌వూల్ విడిగా ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే చెప్పండి.