నోకియా నుంచి వొడాఫోన్ ఐడియా దాకా: పెద్ద కంపెనీలకు మన పన్నుల సొమ్ము ఇవ్వొచ్చా?

వేలచేరి వాసి:
విశాఖలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసలకు ఇచ్చారన్నప్పటి నుంచి చెన్నై తెలుగువాళ్ళలో ఒకటే వాదన. ఇవ్వకపోతే రారంటారు. ఇక్కడ శ్రీపెరుంబుదూరులో నోకియాకు భూమి ఇచ్చారు, పన్ను వాపసూ ఇచ్చారు. 2006లో ఉత్పత్తి మొదలు, 2014 నవంబరుకు తాళం. మనకు దక్కిందేమిటి?

అంబత్తూరు లెక్కలు:
నోకియాను ఆ పద్దులో రాయకండి. ఫిన్లాండ్‌లోని మాతృసంస్థకు సాఫ్ట్‌వేర్ కోసం కట్టిన సొమ్ము మీద టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసి కట్టాల్సిన పన్ను) పట్టలేదని ఆదాయపన్ను శాఖ 2013లో సుమారు రూ. 2,080 కోట్లు అడిగింది. ఆస్తులు స్తంభించాయి. దాంతో 2014 ఏప్రిల్లో మైక్రోసాఫ్ట్ ఫోన్ల వ్యాపారం కొన్నా, చెన్నై ప్లాంటును మాత్రం వదిలేసింది. కొన్నాళ్ళు ఆర్డర్లిచ్చి అవీ ఆపేసింది. మూసింది పన్ను తగాదా, రాయితీ కాదు.

వేలచేరి వాసి:
సరే, కారణం ఏదైనా ఇచ్చింది వెనక్కి రాలేదు కదండీ.

గిండీ ఆడిటర్:
అందుకే ఎప్పుడు ఇస్తున్నారో చూడాలి. ఫోన్ల పీఎల్ఐ, అంటే ఉత్పత్తిని బట్టి ప్రోత్సాహకమిచ్చే కేంద్ర పథకం, పని చూశాకే చెల్లించేలా పెట్టింది. 2019-20 అమ్మకాలు ప్రాతిపదిక. విదేశీ కంపెనీ మొదటి ఏడాది రూ. 250 కోట్ల పెట్టుబడి, రూ. 4,000 కోట్ల అదనపు అమ్మకం రెండూ దాటాలి, అదీ రూ. 15,000, ఆపై ధర ఫోన్లలో. అమ్మకం రూ. 3,999 కోట్ల దగ్గర ఆగితే ఆ ఏటికి సున్నా. దాటితే అదనపు అమ్మకం మీద 6 శాతం, చివరి ఏటికి 4. తొలి ఏడాది శామ్‌సంగ్ ఒక్కటే గట్టెక్కింది. మిగతావాళ్ళ కోసం గడువు ఏడాది పెంచారు! షరతు పెట్టినవాడే సడలిస్తే ఇక షరతేముంది?

ఇంకో లొసుగు: లెక్క అమ్మకం ధర మీద, ఇక్కడ జోడించిన విలువ మీద కాదు. విడిభాగాలు చైనావైనా, ఇక్కడ బిగిస్తే 30 వేల ఫోనుకు 30 వేల మీదే శాతం.

పాత పన్ను వాపసు పద్ధతి జీఎస్టీతో కుదరదు. ఇక్కడి ఫోను ఢిల్లీలో అమ్ముడైతే రాష్ట్ర వాటా ఢిల్లీకే.

పల్లవరం పాఠకుడు:
ఫ్యాక్టరీ రప్పించడం వేరు, మునిగేదాన్ని ఒడ్డుకు లాగడం వేరు. 2025లో వొడాఫోన్ ఐడియా స్పెక్ట్రమ్ బకాయిల్లో రూ. 36,950 కోట్లను కేంద్రం షేర్లుగా మార్చుకుంది. షేరు రూ. 10 చొప్పున, బజారులో అప్పుడు ఏడు కూడా లేదు. ముఖవిలువ పది, కంపెనీల చట్టం అంతకు తక్కువకు కొత్త షేర్లు ఇవ్వనివ్వదు. వాటా దాదాపు 49 శాతం. 51కి చేరితే ప్రభుత్వ కంపెనీ, కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ) ఆడిట్. ఆ గీతకు ఇవతలే ఆగారు.

అంబత్తూరు లెక్కలు:
వొడాఫోన్ ఐడియా పోతే ప్రైవేటు టెలికాంలో ఇద్దరే మిగులుతారు. రీఛార్జి ఎంతవుతుందో ఊహించండి.

పల్లవరం పాఠకుడు:
2024 జూలైలో ముగ్గురూ ఉండగానే, ముగ్గురూ కూడబలుక్కున్నట్టు పెంచారు.

వేలచేరి వాసి:
ఆడిటర్ గారూ, ఈసారి ఏదైనా జీవో వస్తే ఏం చూడమంటారు?

గిండీ ఆడిటర్:
మూడు చూడండి. డబ్బు వాయిదాల్లోనా, ఒకేసారా. గడువులోగా ఫ్యాక్టరీయో ఆఫీసో కట్టకపోతే భూమి వెనక్కి తీసుకునే నిబంధన ఉందా. ఉద్యోగాల లెక్క దేంతో తేలుస్తారు: కంపెనీ ఇచ్చే కాగితంతోనా, పీఎఫ్ చలాన్లతోనా. ట్రైనీలను, కాంట్రాక్టు వాళ్ళను కలిపి అంకె పెంచేది అక్కడే.