బిగినర్‌కి ట్రైనర్ కైట్: టూ లైన్ చాలా, త్రీ లైన్ కావాలా?

పతంగ్‌బాజ్_హైద్:
అందరికీ నమస్తే. ఉండేది కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో. అలమెడా క్రౌన్ బీచ్‌లో కైట్‌బోర్డింగ్ (పెద్ద పతంగి లాగుతుంటే బోర్డు మీద నీళ్లపై జారిపోవడం) చేసేవాళ్లను చూసినప్పటి నుంచి మనసంతా దాని మీదే ఉంది, డిసెంబర్‌లో ఇండియా వచ్చినప్పుడు రామేశ్వరంలో కోర్సు చేద్దామని ప్లాన్. ఈలోపు ఒక ట్రైనర్ కైట్ (ఒడ్డున ప్రాక్టీసుకు వాడే చిన్న పతంగి) కొని చెయ్యి అలవాటు చేసుకుందామని చూస్తుంటే టూ లైన్, త్రీ లైన్ (రెండు తాళ్లవి, మూడు తాళ్లవి), బార్ (రెండు చేతులతో పట్టుకునే కర్ర), స్ట్రాప్స్ (చేతి పట్టీలు) అంటూ తల తిరిగిపోతోంది. చిన్నప్పటి నుంచి సంక్రాంతికి మాంజా పట్టినవాణ్నే కాబట్టి గాలి నాకు కొత్త కాదు, అందుకే కాస్త పెద్దదే, 4 చదరపు మీటర్లది తీసుకుంటే తర్వాత కూడా పనికొస్తుందని నా ఆలోచన. మా తొమ్మిదేళ్ల బాబు కూడా ఎగరేస్తానంటున్నాడు. ఏది కొనమంటారు?

గాలివాటం:
4 మీటర్లది వద్దు బ్రో. గాలి వేగం రెట్టింపైతే లాగుడు నాలుగింతలవుతుంది. అంత దూరం ఎందుకు, గంటకు 10 మైళ్ల గాలి 14కి పెరిగిందంటేనే లాగుడు దాదాపు రెట్టింపు. మన దగ్గర ఎండాకాలం మధ్యాహ్నాలు సముద్రం వైపు నుంచి గాలి ఎలా లేస్తుందో చూస్తూనే ఉన్నావుగా, 12 గంటలకు చక్కగా ఆడుకున్న కైటే 3 గంటలకు మనిషిని ఇసుకలో ఈడ్చుకుపోతుంది. 2 నుంచి 3 మీటర్ల మధ్య తీసుకో, బార్ ఉన్నదే తీసుకో, త్రీ లైన్ తీసుకో.

మూడో లైన్ ఎందుకంటే, అది కైట్ వెనక అంచుకు కట్టి ఉంటుంది, ఇటు చివర నీ మణికట్టు పట్టీకి. బార్ వదిలేశావనుకో, బార్‌కు కట్టిన లైన్లు రెండూ వదులై ఆ ఒక్క లైన్ మీద కైట్ కుదేలై కింద పడుతుంది, లాగుడు పోతుంది. నీళ్లలోకి దిగాక నీ ప్రాణం కాపాడే అలవాటు ఇదే: భయమేసినప్పుడు వదిలెయ్యడం. మనిషి చెయ్యి సహజంగా దానికి ఉల్టా చేస్తుంది, భయమేస్తే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. పెద్ద కైట్‌తో అలా బార్‌ను ఒంటివైపు లాక్కుంటే పవర్ ఇంకా పెరుగుతుంది. కైట్ ముక్కు నేలకు ఆనించి పడినా సరే, మూడో లైన్ లాగి వెనక్కి లేపొచ్చు, టూ లైన్ అయితే ప్రతిసారీ నడిచి వెళ్లి తిప్పి పెట్టుకోవాల్సిందే.

ఓజోన్ ఇగ్నిషన్, హెచ్‌క్యూ రష్, ప్రిజమ్ మెంటర్, ఈ మూడింట్లో ఏదైనా పర్లేదు. సెకండ్ హ్యాండ్ అయితే లైన్లు మాత్రం వేలితో తడిమి చూడు, పీచు లేచి ఉంటే మార్చేయాలి.

ఉప్పుగాలి:
పైన చెప్పింది కరెక్టే కానీ, అన్నా, మీరు కోర్సుకు వెళ్తున్నారు కాబట్టి అంత ఖర్చు అవసరమా అని నా డౌట్. నేను నేర్చుకున్నది రామేశ్వరంలోనే, మొదట్లో వాళ్ల ట్రైనర్ కైటే ఇచ్చి ఒడ్డున ఆడిస్తారు. మీరు ఈలోపు నేర్చుకోవాల్సింది గాలి కిటికీ (కైట్ ఎగరగలిగే మేర) ఒక్కటే, అంటే గాలికి వీపు పెట్టి నిలబడితే, గడియారంలో లాగా, తల మీద 12 గంటలు, ఎడమ పక్క 9, కుడి పక్క 3, ఎదురుగా మధ్యలో ఉన్నదంతా పవర్ జోన్, కైట్ గట్టిగా లాగే చోటు. దానికి ప్రిజమ్ సినాప్స్ లాంటి టూ లైన్ కైట్ చాలు. ఒక్క మాట, సినాప్స్ 200 అంటే 2 చదరపు మీటర్లు కాదు, రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 200 సెంటీమీటర్లు. ఇది చూసుకోకుండా ఆర్డర్ పెట్టేవాళ్లు చాలామంది.

మాంజా అనుభవం గురించి చెప్పాలంటే, గాలి ఎటు తిరిగిందో పసిగట్టడానికి బాగా పనికొస్తుంది, కానీ చేతుల సంగతి వేరు. ఇక్కడ ఢీల్ ఇవ్వడం (దారం వదలడం) ఉండదు, లైన్ పొడవు మారదు. బార్‌ను కారు స్టీరింగ్ లాగా తిప్పితే ఏమీ జరగదు, కుడికి వెళ్లాలంటే కుడి చెయ్యి ఒంటివైపు లాగాలి అంతే. 8 అంకె గీస్తూ ఉండండి, పైకి చూడకుండా పక్కవాళ్లతో మాట్లాడుతూ గీయగలిగే దాకా. నీళ్లలో కళ్లు బోర్డు మీద ఉంటాయి, కైట్ మీద కాదు.

గోదారి_పిల్ల:
బాబు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నాను. తొమ్మిదేళ్ల వాడికి 3 మీటర్ల కైట్ ఇవ్వకండి అండీ. మా పాపకు సినాప్స్ 140 ఇచ్చాం, మెల్లటి గాలిలో వాళ్ల నాన్న వెనక నిలబడి నడుము పట్టుకుంటే ఎగరేసింది. లైన్ మాత్రం వేలికి చుట్టుకోనివ్వకండి, ముట్టుకోనివ్వకండి. దానికి గాజు పొడి ఉండదు కదా అని తేలిగ్గా తీసుకుంటారు, బిగుసుకున్న డైనీమా (చాలా గట్టి సింథటిక్ పీచు) లైన్ చర్మం మీద రాసుకుంటూ పోతే కత్తే. కింద, గాలి పోయే వైపు నడిచేవాళ్లు, కుక్కలు లేకుండా చూసుకోండి, లైన్ల పొడవే దాదాపు 20 మీటర్లు ఉంటుంది. కరెంటు తీగల దగ్గర, ఉరుములున్న రోజు అసలు వద్దు.

పతంగ్‌బాజ్_హైద్:
థాంక్స్ అందరికీ. 4 మీటర్ల ఆలోచన మానేశాను. నాకు 2.5 మీటర్ల త్రీ లైన్, వాడికి సినాప్స్ 140. ఇంటి పక్క పార్కులో మొదలుపెట్టొచ్చా, బీచ్‌కే వెళ్లాలా?

గాలివాటం:
చుట్టూ ఇళ్లూ చెట్లూ ఉంటే వద్దు. వాటిని దాటి వచ్చే గాలి సుడులు తిరుగుతుంది, కైట్ ఊరికే ముడుచుకుని పడిపోతుంటే తప్పు నీదనుకుంటావు. పొద్దున గాలి పలచగా ఉన్నప్పుడు బర్కిలీ సీజర్ చావెజ్ పార్కుకు వెళ్లు, నీళ్ల పక్కనే గడ్డి మైదానం, గాలి నేరుగా వస్తుంది. అక్కడ ఇసుక ఉండదు కాబట్టి బార్‌ను నేలకు బిగించడానికి ఒక మేకు పట్టుకెళ్లు, బీచ్‌లో అయితే దింపగానే వెనక అంచు మీద రెండు దోసిళ్ల ఇసుక పోస్తే చాలు.