ఎల్‌ఈడీ ఇండికేటర్లు వేశాక నాలుగూ కలిసి కొట్టుకుంటున్నాయి, ఏం చేయాలి?

నమస్తే అండీ, మేం ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. పోయిన ఆదివారం జేసీ రోడ్డులో బార్ ఎండ్ అద్దాలు (హ్యాండిల్ చివర్లకి బిగించేవి), ఎల్‌ఈడీ ఇండికేటర్లు కొనుక్కొచ్చి నా పాత 150 సీసీ బైకుకి నేనే బిగించాను. మెకానిక్‌కి ఇవ్వొచ్చుగా అని మా ఆవిడ అప్పుడే అంది.

మొదట ఇండికేటర్ మరీ గబగబా కొట్టుకుంది. పాత బల్బు ఒక్కోటి 10 వాట్లు, ఎల్‌ఈడీ లాగేది ఒకటో రెండో. దాంతో ఇండికేటర్‌ని ఆర్పి వెలిగించే ఫ్లాషర్ రిలే, బల్బు పోయిందనుకుంటుందట. ఎల్‌ఈడీ రిలే వేశాక ఆ గొడవ తీరింది. కానీ ఇప్పుడు ఎటు వేసినా నాలుగూ వెలుగుతున్నాయి! ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో వెనకవాళ్లకి నేనెటు తిరుగుతానో ఏం తెలుస్తుంది? చెయ్యి చాపుతూ ఆఫీసుకి వెళ్తున్నాను.

నా అనుమానం మీటర్‌లో ఇండికేటర్ వేసినట్టు చూపించే బల్బు మీద. రెండు వైపులకీ అదొక్కటే. ఎడమ, కుడి వైర్ల మధ్య ఉంది కాబట్టి దాని గుండా కరెంటు రెండో వైపుకి కూడా పోతున్నట్టుంది. రెండు వైర్లకీ చెరో 1ఎన్4007 డయోడ్ (కరెంటుని ఒకే దిక్కుకి పోనిచ్చేది) పెట్టి, రెండో కొసలు కలిపి బల్బుకిచ్చి, బల్బు రెండో కాలు ఎర్త్ చేస్తే సరిపోతుందా? ఎర్త్ హెడ్‌లైట్ దగ్గర్నుంచి తీసుకోవచ్చా? డయోడ్లు ఎస్పీ రోడ్డులో తెచ్చుకుంటాను.

ఇంకోటి, కుడి అద్దం 60 దాటితే వణికి ఏమీ కనపడదు. హ్యాండిల్ గొట్టంలో అద్దాన్ని పట్టి ఉంచే రబ్బరు బుష్ వదులుగా ఉంది. టేపు చుడితే ఆగుతుందా, పెద్ద బుష్షే వేయాలా? చేసి చూసినవాళ్లు చెప్పండి ప్లీజ్.