మెట్ల వైపు అద్దాలు మార్చాలా, ఫిల్మ్ అంటిస్తే చాలా?

నాగావళి_గట్టు: శ్రీకాకుళంలో మాది ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, మెట్ల వైపు కింది నుంచి పైదాకా అద్దాలే. మొన్న గాలికి నాలుగో అంతస్తు అద్దం పగిలి పార్కింగ్‌లో పడింది. ఒక స్కూటర్ సీటులో జానెడు ముక్క నిలువునా దిగబడిపోయింది. అన్నీ మార్చేద్దామని కొందరు, ఉన్న అద్దాల మీద ప్లాస్టిక్ ఫిల్మ్ అంటిస్తే చాలని కొందరు. ఏం చేయమంటారు?

పలాస_జీడి: జానెడు ముక్క అంటేనే అది మామూలు అద్దం. టఫెన్డ్, అంటే వేడిచేసి గట్టిపరిచిన అద్దం అయితే పటికబెల్లం పలుకుల్లా రాలేది. భద్రతా అద్దాలకు వేసే ఐఎస్ 2553 ముద్ర ఏ మూలనైనా ఉందేమో చూడండి, లేకపోతే మార్చేయండి. నాలుగైదు రెట్లు బలం.

పాత_సైట్_ఇంజినీర్: టఫెన్డ్ అంటే పగలదని కాదు బాబూ. తయారీలో లోపల నికెల్ సల్ఫైడ్ రవ్వ చేరి ఉంటే ఎవరూ ముట్టకుండానే ఢాం అంటుంది. అంత ఎత్తులో ల్యామినేటెడ్ పెట్టాలి, రెండు పలకల మధ్యలో పీవీబీ అనే ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి పగిలినా ముక్కలు దానికే అతుక్కుని ఉంటాయి.

పలాస_జీడి: పగలదని నేనెక్కడన్నాను? బలం అన్నాను. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను మా వైపే తీరం దాటింది, ఆ చీకట్లో కిటికీ ముక్క మా అమ్మ అరికాల్లో దిగింది. ఏడు కుట్లు. మీ రవ్వ సంగతి ఆవిడకి చెప్పండి.

ఉద్దానం_వాసి: కొబ్బరి చెట్లే నిలవలేదు ఆ రోజు, అద్దాలొక లెక్కా.

పాత_సైట్_ఇంజినీర్: అమ్మగారి విషయం బాధే. ఆ కిటికీకి ఫిల్మ్ ఉన్నా ముక్కలు చెదిరేవి కావు. కాకపోతే ఫిల్మ్ అంచులు ఫ్రేమ్‌కి పట్టించాలి, లేదంటే పెద్ద గాలికి పలక పలకంతా ఊడి వస్తుంది. అసలు ఫ్రేమ్ రబ్బరు ఎలా ఉందో ఎవరైనా చూశారా?

గ్రౌండ్_ఫ్లోర్: నేను చూశాను, మాదీ అదే బిల్డింగ్. నాలుగో అంతస్తు నాగావళి గారిదే. ఏసీ పైపు కోసం ఆ రబ్బరు పీకించి మళ్లీ పెట్టించలేదు. ఇప్పుడేమో అందరం సమానంగా కట్టాలట, మెట్లే ఎక్కని మేం కూడా.

నాగావళి_గట్టు: పీకింది ఏసీ కుర్రాడు, నేను కాదు. రేపు ఇంకో అద్దం పడేది మీ గుమ్మం ముందే కదా, మీ వాటా మీరు కట్టరా?

గ్రౌండ్_ఫ్లోర్: ఆ స్కూటర్ నాది. సీటు డబ్బులు అడిగితే అసోసియేషన్ చూసుకుంటుందన్నారు.

నాగావళి_గట్టు: సరే, సీటు వేయిస్తాను. అద్దాల సంగతి?

గ్రౌండ్_ఫ్లోర్: ముందు సీటు వెయ్యించండి.