తాతయ్య 1971 యుద్ధంలో తూర్పున ఉన్నారు, డిశ్చార్జ్ బుక్‌లో (సర్వీస్ అయిపోయాక ఆర్మీ ఇచ్చే పుస్తకం) మాత్రం పూర్వీ స్టార్ అనే ఆ యుద్ధం మెడల్ లేదు. ఇప్పుడు అడగొచ్చా?

ఒంగోలు నుంచి, మనవడు

అందరికీ నమస్కారం. మా తాతయ్య ఆర్మీ ఆర్టిలరీలో (ఫిరంగి దళంలో) డ్రైవర్. 1963లో చేరారు, గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్, 1980లో నాయక్ ర్యాంకులో పెన్షన్ మీద ఇంటికొచ్చారు. ఊళ్లో మాజీ సైనికులకి సన్మానం చేస్తాం, మెడల్స్ పెట్టుకుని రమ్మని కబురొస్తే ట్రంకుపెట్టె తీశాం. అందులో గుండ్రటి మెడల్ ఒక్కటే ఉంది, రిబ్బన్ చివికిపోయింది. మిగతావి ఏవి తాతయ్యా అంటే "ఇస్తామన్నారు, ఎప్పుడో పంపుతామన్నారు, నేనూ అడగలేదు" అన్నారు. 1971లో అగర్తల దగ్గర ఉన్నాననీ, బోర్డర్ అవతలి అఖౌరా దాటి ఇప్పటి బంగ్లాదేశ్ లోపలికి గుండ్లు మోసే బండి తోలాననీ చెప్తారు. డిశ్చార్జ్ బుక్‌లో సంగ్రామ్ మెడల్ ఉంది, పూర్వీ స్టార్ లేదు. నా సందేహాలు ఇవి. డ్రైవర్‌కి యుద్ధం మెడల్ వస్తుందా, ఆయన స్వయంగా ఫైరింగ్ చేయలేదు కదా. 50 ఏళ్లు దాటాక అడిగితే పట్టించుకుంటారా. ఇంకోటి, మా మామయ్య ఈ స్టార్ ఉంటే నెలనెలా డబ్బులొస్తాయంటున్నాడు, నిజమేనా?

రిటైర్డ్ హెడ్ క్లర్క్, గుంటూరు

బాబూ, ముందు రెండు రకాల మెడల్స్‌ని విడదీసి చూడండి, సగం గందరగోళం అక్కడే పోతుంది. పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర, సేనా మెడల్, ఇవి శౌర్యానికి. యుద్ధం జరిగిన రోజుల్లోనే యూనిట్ కమాండింగ్ ఆఫీసర్ సిఫార్సు రాయాలి, అది పైదాకా వెళ్లాలి. ఇప్పుడు మనం అప్లికేషన్ పెట్టుకుంటే వచ్చేవి కావు. రెండో రకం ఫలానా చోట, ఫలానా తేదీల్లో డ్యూటీలో ఉన్నందుకు ఇచ్చేవి. పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ అన్నీ ఈ కోవే. వీటికి ధైర్యం కొలిచేది లేదు, గన్ పేల్చాడా, స్టీరింగ్ పట్టుకున్నాడా, లంగర్‌లో (వంటశాలలో) రొట్టెలు కాల్చాడా అని చూసేది లేదు. ఆ తేదీల్లో ఆ జోన్‌లో ఆ యూనిట్ పోస్టెడ్ స్ట్రెంగ్త్ మీద, అంటే ఆ యూనిట్ సిబ్బంది లెక్కలో, ఉన్నాడా లేదా, అంతే.

పూర్వీ స్టార్‌కి 1971 డిసెంబర్ యుద్ధం రోజుల్లో బంగ్లాదేశ్ లోపల గానీ, ఇటువైపు యుద్ధ ప్రాంతంగా ప్రకటించిన చోట గానీ ఒక్క రోజు ఉన్నా చాలు. అఖౌరా దాటారంటే ఇక అర్హత గురించి మాట్లాడనక్కర్లేదు. సంగ్రామ్ మెడల్ పరిధి ఇంకా పెద్దది. పంజాబ్, రాజస్థాన్, బెంగాల్, అస్సాం, త్రిపుర లాంటి సరిహద్దు రాష్ట్రాల్లో పనిచేసినవాళ్లకి, అదీ 1972 డిసెంబర్ దాకా లెక్క. అందుకే చాలామందికి సంగ్రామ్ ఉండి స్టార్ ఉండదు, వాళ్లకి అది సరైనదే. మీ తాతగారి విషయంలో మాత్రం పొరపాటులా కనిపిస్తోంది.

డబ్బు సంగతి మీ మామయ్యకి చెప్పండి, స్టార్‌కి పైసా రాదు. నెలకింత అని వచ్చేది శౌర్య పతకాలకే. కేంద్రం 2017లో పెంచిన లెక్కలో పరమవీర చక్రకి 20,000, వీర చక్రకి 7,000, సేనా మెడల్‌కి 2,000.

డాలస్ నుంచి

హెడ్ క్లర్క్ గారు చెప్పింది కరెక్ట్. తమ్ముడు నెట్‌లో వెతికి కంగారుపడ్డట్టున్నాడు, ఎందుకంటే వెతగ్గానే వచ్చేవి ఎక్కువగా ఇక్కడి అమెరికన్ ఆర్మీ రూల్స్. ఇక్కడ కంబాట్ ఇన్‌ఫాంట్రీమన్ బ్యాడ్జ్ అని ఉంది, అది ఇన్‌ఫాంట్రీ (కాల్బలం), స్పెషల్ ఫోర్సెస్ వాళ్లకే, అదీ స్వయంగా పోరులో ఉంటేనే. మిగతా ట్రేడుల వాళ్లకి కంబాట్ యాక్షన్ బ్యాడ్జ్, దానికి 2001 సెప్టెంబర్ 18 తర్వాతి ఘటనలే పనికొస్తాయి. మా అబ్బాయి ఇక్కడి ఆర్మీలో మెకానిక్ కాబట్టి ఈ గొడవ నాకు బాగా తెలుసు. ఆ రూల్ తెచ్చి తాతగారికి పెట్టొద్దు.

సికింద్రాబాద్ నుంచి

ఇంత తిప్పలు ఎందుకన్నా, కంటోన్మెంట్ బజార్‌లో యూనిఫాం కుట్టే షాపుల్లో అడిగితే మొత్తం సెట్ రిబ్బన్‌తో సహా కట్టి ఇస్తారు.

రిటైర్డ్ హెడ్ క్లర్క్, గుంటూరు

కట్టి ఇస్తారు, కాదనను. మెడల్స్ తయారై రావడానికి ఏళ్లు పడుతుంటే సర్వీస్‌లో ఉన్నవాళ్లే పరేడ్‌కి అలా కొనుక్కున్నారు. కానీ రికార్డులో ఎక్కినదానికి నకలు కొని పెట్టుకోవడం వేరు, రికార్డులో లేని స్టార్ గుండె మీద తగిలించుకోవడం వేరు. ముందు కాగితం, తర్వాత బజారు.

బాబూ, ఆ పెట్టెలో దొరికిన మెడల్ అంచు చూడండి. గవర్నమెంట్ ఇచ్చినదైతే అంచు మీద ఆర్మీ నంబరు, పేరు సన్నగా చెక్కి ఉంటాయి. బజారు సరుకైతే అంచు నున్నగా ఉంటుంది. డిశ్చార్జ్ బుక్‌లో మెడల్స్ రాసిన పేజీ, పోస్టింగులు రాసిన పేజీ కూడా చదివి ఇక్కడ పెట్టండి. నంబరు మాత్రం పెట్టకండి, ఇక్కడ ఎవరెవరు చూస్తారో తెలియదు.

ఒంగోలు నుంచి, మనవడు

బాబాయ్ గారూ, భూతద్దం పెట్టి చూశాం, నంబరు ఉంది, తాతయ్య నంబరే. అది రక్షా మెడల్ 1965. 1965లో ఆయన దేవ్‌లాలీలో ఉన్నారట, యుద్ధానికి వెళ్లలేదు, మరి అదెలా వచ్చింది? బుక్‌లో వరసగా రక్షా మెడల్, సంగ్రామ్ మెడల్, 25వ స్వాతంత్ర్య వార్షికోత్సవ మెడల్, 9 ఏళ్ల లాంగ్ సర్వీస్ మెడల్ ఉన్నాయి. పోస్టింగ్ పేజీలో 1972 ఫిబ్రవరిలో వేరే రెజిమెంట్‌కి మారినట్టు ఉంది. నాయనమ్మ దగ్గర అప్పటి ఇన్‌లాండ్ లెటర్లు ఇంకా ఉన్నాయి, వాటి మీద 99 ఏపీఓ అని ఉంది.

రిటైర్డ్ హెడ్ క్లర్క్, గుంటూరు

అదీ సంగతి, ముడి అక్కడే ఉంది.

రక్షా మెడల్ 1965 ఆగస్టు 5 నాటికి సర్వీస్‌లో 180 రోజులు నిండిన వాళ్లందరికీ వచ్చింది, దేవ్‌లాలీలో ఉన్నా వచ్చేదే. ఆ యుద్ధంలో ఫ్రంట్‌కి వెళ్లినవాళ్లకి సమర సేవా స్టార్ వేరే ఉంది, తాతగారికి అది రాదు. కార్గిల్‌కి కూడా ఇదే పద్ధతి, ఆపరేషన్ విజయ్ స్టార్ పోరు ప్రాంతంలో ఉన్నవాళ్లకి, విజయ్ మెడల్ మిగతావాళ్లకి. 25వ వార్షికోత్సవ మెడల్ 1972 ఆగస్టు 15న సర్వీస్‌లో ఉన్నవాళ్లది.

ఇక పూర్వీ స్టార్. మెడల్ వచ్చిందని యూనిట్ వాళ్లు పార్ట్ టూ ఆర్డర్ (సిపాయి వివరాలు నమోదు చేసే ఉత్తర్వు) వేస్తే అది రికార్డ్స్ ఆఫీసుకి వెళ్లి షీట్ రోల్‌లో, అంటే అక్కడ ఉండే ఆయన సర్వీసు రికార్డులో, ఎక్కుతుంది, డిశ్చార్జ్ బుక్‌లో రాసేది దాన్ని చూసే. తాతగారు ఫిబ్రవరిలోనే మారిపోయారు. పాత రెజిమెంట్ ఆర్డర్ వేసేనాటికి ఆయన వాళ్ల రోల్ మీద లేరు, కొత్త రెజిమెంట్‌కి ఆయన అఖౌరా వెళ్లిన సంగతి తెలియదు. ఇలా మధ్యలో జారిపోయిన కేసులు నా టేబుల్ మీదకి చాలానే వచ్చేవి. నా అనుమానం ఇదే, అయితే తేల్చాల్సింది రికార్డ్స్ వాళ్లు.

99 ఏపీఓ అంటే తూర్పు వైపు ఫీల్డ్ పోస్టాఫీసు చిరునామా, పడమర వైపు 56 ఏపీఓ. డిసెంబర్ 1971 ముద్ర ఉన్న లెటర్ ఒక్కటి దొరికినా జిరాక్స్ తీసి జతచేయండి. దాంతోనే రుజువైపోదు, అసలు రుజువు పాత రెజిమెంట్ పేరు, తేదీలే. కానీ ఫైలు చూసే క్లర్క్‌కి ఇది ఊరికే అడగడం కాదని అర్థమవుతుంది.

విజయనగరం నుంచి

ఏజెంట్ల జోలికి మాత్రం పోవద్దు. మా నాన్నగారి కేసులో ఒకాయన "వార్ పెన్షన్ చేయిస్తా" అని అడ్వాన్స్ తీసుకుని ఫోన్ ఎత్తడం మానేశాడు. మా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అదే కాగితం ఫ్రీగా రాసి, స్టాంప్ వేసి పంపారు.

ఖమ్మం నుంచి, కూతురు

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా నాన్న 1971లో పఠాన్‌కోట్ వైపు ఉన్నారు, ఐదేళ్లకే ఇంటికి వచ్చేశారు, పెన్షన్ లేదు, ఇప్పుడు ఆయనా లేరు. అమ్మ అడగొచ్చా?

రిటైర్డ్ హెడ్ క్లర్క్, గుంటూరు

అడగొచ్చమ్మా, భార్య పేరుతోనే అడగాలి. డెత్ సర్టిఫికెట్, ఆమె పేరున్న ఏదైనా సర్వీసు కాగితం జతచేయండి. పడమర కాబట్టి అది పశ్చిమీ స్టార్. ఒక చిక్కుంది, పెన్షన్ లేనివాళ్ల పూర్తి కాగితాలు 25 ఏళ్ల తర్వాత తీసేస్తారు, లాంగ్ రోల్ (పేరు, ముఖ్య వివరాలు మాత్రం ఉండే రిజిస్టర్) మాత్రమే మిగులుతుంది. అందుకని మీ దగ్గరున్న డిశ్చార్జ్ సర్టిఫికెట్ ప్రాణంతో సమానం, ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వకండి. ఏ రెజిమెంటో ఇక్కడ చెప్తే ఎక్కడికి రాయాలో చెప్తాను. మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్, సిగ్నల్స్ జబల్‌పూర్, ఈఎంఈ (ఆర్మీలో బండ్లు, యంత్రాలు రిపేరు చేసే విభాగం) మన సికింద్రాబాద్. ఎయిర్‌ఫోర్స్ వాళ్లకి ఢిల్లీ సుబ్రతో పార్క్.

ఒంగోలు నుంచి, మనవడు

మరి మాది ఆర్టిలరీ కాబట్టి నాసిక్‌కి రాయాలి కదా బాబాయ్ గారూ? లెటర్‌లో ఏం రాయమంటారు? ఆర్‌టీఐ నేను వేసేదా?

రిటైర్డ్ హెడ్ క్లర్క్, గుంటూరు

అవును, ఆర్టిలరీ రికార్డ్స్, నాసిక్ రోడ్ క్యాంప్. ఆర్‌టీఐ ఇప్పుడే వద్దు. మామూలు ఉత్తరం ముందు, జవాబు రాకపోతే రెండు నెలలకి రిమైండర్, అదీ కాకపోతే 10 రూపాయల ఆర్‌టీఐ. అదైనా తాతగారి పేరుతో, ఆయన సంతకంతోనే. మీరు వేస్తే మూడో మనిషి సమాచారం అని తిప్పి పంపేస్తారు.

ఉత్తరం ఒక పేజీ దాటనివ్వకండి. యుద్ధం కథంతా రాయొద్దు, చదివే టైం ఎవరికీ ఉండదు. ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, చేరిన తేదీ, డిశ్చార్జ్ తేదీ పైన. కింద రెండు ముక్కలు అడగండి. ఒకటి, నా షీట్ రోల్ ప్రకారం నాకు ఏయే మెడల్స్ ఉన్నాయి, వాటిలో ఏవి పంపారు, ఏవి పంపలేదు. ఇది అడిగితే సంగ్రామ్, వార్షికోత్సవం, లాంగ్ సర్వీస్ మూడింటి సంగతీ తేలుతుంది, అవి ఆయన చేతికి రాలేదు కదా. రెండు, 1971 డిసెంబర్‌లో ఫలానా మీడియం రెజిమెంటో ఫీల్డ్ రెజిమెంటో, పేరు సరిగ్గా రాసి, దానితో తూర్పున ఉన్నాను, పూర్వీ స్టార్ ఎక్కలేదు, పరిశీలించి పార్ట్ టూ ఆర్డర్ వేయించగలరు. డిశ్చార్జ్ బుక్‌లో ఆ రెండు పేజీలు, పీపీఓ (పెన్షన్ ఆర్డర్ కాగితం), లెటర్ జిరాక్స్‌లు పెట్టి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపండి, ఒక కాపీ నేరుగా స్పీడ్ పోస్ట్‌లో. "పోయాయి" అనే మాట ఎక్కడా రాయకండి. అలా రాస్తే ఇచ్చినవి పోగొట్టుకున్నారని లెక్కేసి పోలీసు రిపోర్టు, అఫిడవిట్ అడుగుతారు. "అందలేదు" అని రాయండి.